పెనుకొండ నుంచి వచ్చిన పచ్చపోగులు

హిందూపురం బెల్లం బజారులో ఎవరినైనా ఆపి వెంకటసుబ్బమ్మ మండీ ఎక్కడని అడిగితే, దారి ఒక్కటే చెప్పి ఊరుకునేవాళ్ళు కారు. "తీరిక చేసుకొని పో సామీ, ఆయమ్మ అడిగేదానికి జవాబు చెప్పకుంటే నిన్ను కదలనియ్యదు" అని కూడా చెప్పి పంపేవాళ్ళు. నలభై ఆరేళ్ళ మనిషి. భర్త పోయి పదేళ్ళయింది. ఆడది మండీలో కూర్చోవడమేమిటని నలుగురూ ముక్కున వేలేసుకున్నా, ఆ వేళ్ళు నొప్పిపుట్టి వాళ్ళే దించుకునేదాకా ఆమె కూర్చునే ఉంది. బెల్లం అచ్చు పగలగొట్టి, చిటికెడు నాలుక మీద వేసుకొని, కళ్ళు మూసుకొని, "పాకం ఒక పొంగు ఎక్కువ పోయిందప్పా" అని చెప్పేది. తెచ్చిన రైతు తెల్లబోయేవాడు. అంతటితో వదిలిపెడితే ఆమె వెంకటసుబ్బమ్మ ఎందుకవుతుంది? "ఎందుకు పోయింది? పొయ్యిలోకి ఏం కట్టెలు పెడితివి? ఆ పూట నువ్వు ఆడ ఉండావా, లేదా?" అని పట్టుకునేది.

అలాంటి మనిషికి 1958లో చక్కెర జబ్బు వచ్చింది. బెల్లం అమ్మే ఇంట్లో చక్కెర జబ్బేమిటని బజారంతా నవ్వుకుంది. ఆమెకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఒంట్లో చక్కెర ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, తీపికీ దాహానికీ సంబంధమేమిటి? కళ్ళు మసకబారి, కాళ్ళు తిమ్మిరెక్కి, దినానికి కడివెడు నీళ్ళు తాగుతూ కూడా ఆమెకు ఇవే ఆలోచనలు.

అనంతపురంలో ఈ జబ్బుకు పేరుపడిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఆదివారాలు ఈ రోగులను మాత్రమే చూసేవాడు. దసరా వెళ్ళిన ఆదివారం వెంకటసుబ్బమ్మ రైలెక్కి ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెకు ఒక నీలం మందు సీసా, ఒక గాజు గొట్టం, ఒక స్పిరిటు దీపం, అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. గొట్టంలో కొంచెం నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి దీపం మీద కాచాలి. నీలంగానే నిలిస్తే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, నారింజ అయితే ఎక్కువ, ఇటుక రంగు అయితే మరీ ఎక్కువ. అచ్చు కాగితం మీద "వరి అన్నము, పంచదార, బెల్లము, దుంపలు పూర్తిగా మానవలెను" అని ఉంది. ఆ డాక్టరు పుట్టిన ఊళ్ళో తిండి అంటే వరి అన్నమే. పాపం, ఆయన తన ఊరి రోగులను తలుచుకొని ఆ కాగితం రాశాడు.

తిరుగు ప్యాసింజరులో ఆమెకు ఎదురుగా ఇద్దరు మగవాళ్ళు కూర్చున్నారు. ఒకాయన సన్నగా పొడుగ్గా ఉన్నాడు. వేళ్ళ నుంచి మోచేతుల దాకా ఎరుపూ నీలమూ పట్టి మాసిపోయిన రంగులు. రెండో ఆయన తలగుడ్డ చుట్టుకున్న రైతు. కుడికాలికి గుడ్డపేలిక కట్టుకొని, ఆ కాలిని బల్ల మీదికి చాపుకున్నాడు. ముగ్గురి ఒళ్ళోనూ తువ్వాలులో చుట్టిన మూట ఉంది. ముగ్గురూ దాన్ని దాచుకుంటున్నారు. బండి కుదిపేసరికి మూడు మూటల్లోనూ గాజు గలగలమంది.

"ఏమప్పా, మీకూనా?" అని ముందుగా అడిగింది వెంకటసుబ్బమ్మే. అడక్కుండా కూర్చోవలసి వస్తే ధర్మవరం చేరేలోపల ఆమె ప్రాణం పోయేది.

"నాకూనే అక్కా" అన్నాడు సన్నటాయన నవ్వుతూ. "నా పేరు భాస్కరయ్య. ధర్మవరంలో పట్టుకు రంగులద్దుతా. ఇన్నాళ్ళూ తొట్టిలో రంగు చూసుకుంటి, ఇంగ గొట్టంలో చూసుకోవల్ల."

రైతు కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "నన్ను ఓబుళప్ప అంటారు శెట్టెమ్మా. పెనుకొండ పక్కన పల్లె. కొత్త చెప్పు కరిచి రెండో వేలికి పుండాయ. నెల దాటినా మానలేదు. నొప్పి కూడా లేదు. నొప్పి లేదంటే డాక్టరు సంతోషపడతాడనుకుంటి, ఆయన మొగం మాడ్చుకునె. సూదిమందు రాసిచ్చినాడు, పెనుకొండ కాంపౌండరు దగ్గర ఏయించుకోవల్ల. రంగు దిగితేనే పుండు మానుతుందంట. ఎండాకాలానికి మానకుంటే మోకాలి కింద తీసెయ్యల్లంట. నాది మెట్టసేద్యం. ఒంటికాలితో మడక తోలేవాణ్ణి మీరు యాడన్నా చూసినారా?"

భాస్కరయ్య తల దించుకున్నాడు. వెంకటసుబ్బమ్మ మాత్రం వంగి ఆ కట్టువైపు చూసి, "నొప్పి లేకుండా పుండు ఎట్లా ఉంటుందన్నా?" అని అడిగింది. అడగకూడని మాటే. కానీ ఓబుళప్పకు ఆ ప్రశ్న నచ్చింది. అందరూ అయ్యో అన్నవాళ్ళే గాని, ఎట్లా అని అడిగినవాళ్ళు లేరు. కట్టు విప్పి చూపించాడు.

ఆ తరువాత ముగ్గురూ కాగితాలు తీసి చదువుకున్నారు. ఓబుళప్పది వానాకాలం చదువు. కూడబలుక్కుని చదివి, ముఖం వెలిగిపోయి, "వరన్నం మానల్లనా! పండక్కి పబ్బానికి తప్ప మేము వరన్నం చూసేది యాడ? మూడు పూటలా రాగి సంగటే గదా. ఈ పత్తెం నాకు సులువే" అన్నాడు. "నీ అదృష్టమే అదృష్టం అన్నా, నేను పూటకు సోలెడు బియ్యం తినే మనిషిని" అని భాస్కరయ్య అసూయపడ్డాడు. వెంకటసుబ్బమ్మ కూడా నిజమేననుకుంది.

ఒంటరిగా నోరు కట్టుకోవడం కష్టమని, వారానికొకసారి ముగ్గురూ ఒకరికొకరు కార్డు రాసుకుందామని ఆమే అన్నది. భాస్కరయ్య తల అడ్డంగా ఊపాడు. "కార్డు ఊరంతా చదువుతారక్కా. నా ఉచ్చ ఏ రంగులో ఉండాదో పోస్టుమాను వీధిలో నిలబడి చదివితే నేను ఊళ్ళో తలెత్తుకొని తిరగల్లనా?" అని, ఒక్క క్షణం ఆలోచించి, తన రంగుల వేళ్ళవైపే చూసుకున్నాడు. మళ్ళీ నవ్వాడు. "రాసేదెందుకు? మా ఇంట్లో పట్టుపోగుల తునకలకు కొదవా? అయిదు రంగులు అద్ది పంపిస్తా. నెమలి నీలం, చిలకపచ్చ, పసుపు, కనకాంబరం, ఇటిక. గొట్టంలో ఏ రంగు వస్తే ఆ పోగు కార్డు మూలకు ముడేసి పంపండి. చదివేవాళ్ళకు క్షేమమని ఉంటుంది, మనకు రంగు తెలుస్తుంది." అన్నంత పనీ చేశాడు. పది రోజుల్లో ఇద్దరికీ అయిదేసి చిన్న చుట్టలు అందాయి.

మూత్రం కాచడానికి ఇంట్లో చోటెక్కడ? వంటిల్లు మడి, నడవలో మండీకి వచ్చేపోయేవాళ్ళు. ఆమె పశువుల కొట్టం వెనక గోడవారగా రెండు ఇటుకలు పేర్చుకొని దీపం పెట్టింది. రోజూ పొద్దున్నే గోడచాటున మంట, గొట్టంలో మారే రంగులు, దాని ముందు కదలకుండా కూర్చున్న విధవరాలు. పక్కింటివాళ్ళు ఏమనుకోవాలో అదే అనుకున్నారు. కోడలు సీతాదేవి సిగ్గుతో చితికిపోయి, "అత్తా, నువ్వేదో చేతబడి చేస్తాండావంట. బావికాడ అనుకుంటాండారు" అంది.

"అనుకోనీలే. నువ్వు ఇట్ల రా. నిన్న గెనుసుగడ్డ ఒక్కటి తింటి, చూడు, కనకాంబరం! మొన్న గురుగాకు, మజ్జిగ తింటి, పచ్చ! ఒకే నోరు, ఒకే కడుపు. ఎందుకంటావు?"

సీతాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చింది, చూసింది. నెల తిరిగేసరికి కొంగు జారింది. ఈ రోజు ఏ రంగని తానే ముందుగా వచ్చి అడిగేది. అత్తాకోడళ్ళు ఒక పాత నోటుబుక్కులో తిన్నదీ, వచ్చిన రంగూ రాసుకున్నారు. చెనక్కాయలు పిడికెడు తిన్నా రంగు పెద్దగా కదలలేదు. అరటిపండు కదిలించింది. బెల్లం సంగతి తేల్చుకోవడానికి వెంకటసుబ్బమ్మ ఒకరోజు పది అచ్చులు రుచి చూసి, మింగకుండా ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. పచ్చ పచ్చగానే నిలిచింది. ఆ రోజు ఆమె సంబరం చూడాలి. తన వృత్తి తనకు దక్కింది.

శనివారం శనివారం కార్డులు నడిచాయి. వెంకటసుబ్బమ్మది ఎక్కువగా పసుపు, అప్పుడప్పుడు పచ్చ. అన్నంతోపాటు తిండంతా తగ్గిస్తే మేలనుకొని పూటకు నిమ్మకాయంత సంగటి, మిగతాదంతా ఆకుకూర, పప్పు, మజ్జిగ. భాస్కరయ్యది కనకాంబరంతో మొదలై మెల్లగా పసుపుకు దిగింది. "పెండ్లిలో పాయసం తాగితిని, క్షమించవలెను" అని ఒకసారి ఇటుక పోగు కట్టి పంపాడు. ఓబుళప్పది మాత్రం మొదటి కార్డు నుంచీ చిలకపచ్చే. వంకరటింకర అక్షరాలతో రెండే ముక్కలు. "మూడు పూటల సంగటి. అన్నం ముట్టలేదు."

మొదటి పచ్చపోగు చూసి వెంకటసుబ్బమ్మ పొంగిపోయింది. ఆ మనిషి కాలు నిలబడుతుందన్న సంతోషం ఒకటి, తామందరూ మొదలుపెట్టిన పని ఫలించిందన్న సంతోషం ఒకటి. వెంటనే కార్డు తీసి, "ఓబుళప్పన్నకు నమస్కారము. మా ముగ్గురిలో మీరే గట్టివారు. మిమ్మును చూచి మేము నేర్చుకొనవలెను" అని పెద్ద అక్షరాలతో రాసింది. రెండో పచ్చకు ఇంకొంచెం మెచ్చుకుంది. మూడో పచ్చకు భాస్కరయ్య చేత కూడా మెచ్చుకుంటూ రాయించింది. సంక్రాంతి దాటే నాటికి ఓబుళప్పకు పచ్చ చుట్ట అయిపోయింది. ఇంకొకటి కావాలని భాస్కరయ్యకు రాశాడు. భాస్కరయ్య ఆనందంతో రెండింతల చుట్ట అద్ది పంపాడు.

అయితే మెచ్చుకోలు ఒకవైపు, ఆమె బుర్రలో పురుగు ఒకవైపు. నిమ్మకాయంత ముద్ద తినే తనకు పసుపు, మూడు పూటలా కడుపునిండా సంగటి తినే ఓబుళప్పకు పచ్చ. ఎందుకు? బహుశా సంగటి తగ్గించుకోవడమే తన తప్పేమో, సంగటే మందేమో. సరే, పరీక్ష చేస్తే పోయేదేముంది? వారంపాటు పూటకొక నిండు ముద్ద తింది. మొదటిరోజు కనకాంబరం. రెండోరోజు ఇటుక. నాలుగోరోజుకు దాహం తిరిగొచ్చింది, బెల్లం అచ్చుల మీది గుర్తులు కంటికి ఆనలేదు. సీతాదేవి భయపడి సంగటి గిన్నె ఎత్తి దాచిపెట్టింది.

వెంకటసుబ్బమ్మకు భయం కన్నా పట్టుదల ఎక్కువైంది. ఆ పల్లె రాగుల్లో ఏముంది? అక్కడి నీళ్ళలో ఏముంది? సంగటిలోకి నూరే ఊరిబిండిలో ఏమైనా ఆకు వేస్తారా? ఇవన్నీ కార్డు మీద వరసగా రాసి అడిగింది. జవాబుగా పచ్చపోగు వచ్చింది. ప్రశ్నలకు సమాధానం లేదు. ఇంకోసారి రాసింది. ఇంకో పచ్చపోగు వచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పని మనిషిని ఆమె వదిలిపెట్టడం ఎన్నడైనా ఉందా? మాఘమాసంలో ఒక పొద్దున తన నీలం సీసా, దీపం, పక్కపక్కన పెట్టి చూడడానికి హిందూపురం రాగులు పిడికెడు మూటగట్టుకొని రైలెక్కి పెనుకొండలో దిగింది. అక్కడినుంచి జట్కాలో పల్లె చేరింది.

ఓబుళప్ప పందిరి కింద మంచం మీద పడుకొని ఉన్నాడు. ఆమెను చూసి దిగ్గున లేవబోయి, కాలు ఆనక కూలబడ్డాడు. ఆయన భార్య సిద్ధమ్మ పరుగున వచ్చి, "రాండి శెట్టెమ్మా, కార్డు రాసే శెట్టెమ్మ మీరేనా?" అని ఈతచాప పరిచింది. వెంకటసుబ్బమ్మ చాప మీద కూర్చోకముందే ఆమెకు వాసన తగిలింది. కాలి కట్టు మీద ఈగలు ముసిరాయి. కట్టు దాటి పైకి పాదం ఎర్రగా వాచి ఉంది. రైల్లో చూసినప్పుడు వేలు గోరు దగ్గర పుండు చిన్నదిగా ఉండేది.

"పచ్చ వస్తాంటే పుండు ఎందుకు పెరిగిందన్నా?"

"గాలి తగిలింది. తగ్గిపోతాదిలే" అన్నాడు ఓబుళప్ప.

"ఒకతూరి నా ముందర కాచి చూపిస్తావా?"

"పొద్దునే చేసేస్తి శెట్టెమ్మా. మందు కూడా అయిపోయె."

"మందు నేను తెచ్చినా" అంది ఆమె. ఓబుళప్ప దుప్పటి సర్దుకున్నాడు, తలగుడ్డ సర్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. కానీ ఆమెకు ఇంకా అనుమానం రాలేదు, నిజం. ఆమె మనసంతా రాగుల మీదే ఉంది. సిద్ధమ్మచేత రాగులు తెప్పించి, తన మూట విప్పి, రెండింటినీ అరచేతిలో పోసుకొని, కొరికి చూసింది. తేడా లేదు. కడవలో నీళ్ళు దోసిట పోయించుకొని పుక్కిలించింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

సిద్ధమ్మకు ఈ పరీక్షలన్నీ వింతగా ఉన్నాయి. "ఆ గాజుగొట్టం గురించేనా అమ్మా ఇదంతా? దాన్ని కడిగేది నేనే. కడగలేక నా చేతులు పడిపోతాండాయి. దినామూ అడుగున ఎర్రమన్ను మాదిరి పడతాది. ఇసక ఏసి తోమినా పోదు" అంది అమాయకంగా.

వెంకటసుబ్బమ్మ అరచేతిలోని రాగులు చాప మీద పోసేసింది.

"అట్లయితే ఆ పచ్చలన్నీ?" అంది వెంకటసుబ్బమ్మ.

ఓబుళప్ప గోడవైపు తిరిగాడు. తిరిగే చెప్పాడు. "మొదటి తూరి ఇటికే వచ్చె. ఇటిక పోగే తీసుకుంటి, ముడి కూడా ఏస్తి. మల్ల ఆలోచన చేస్తి. నేను అన్నం ముట్టలేదు, బెల్లం ముట్టలేదు. కాగితంలో రాసినట్లే చేస్తాండా. ఇటిక పంపితే మీరేమనుకుంటారు? దొంగతనంగా తింటాండాడు అంటారు. వచ్చేవారం దిగుతాదిలే, అంతవరకు పచ్చ పంపిద్దామనుకుంటి. మీరు కార్డు రాస్తిరి. గట్టివారు, మిమ్మును చూచి నేర్చుకొనవలెను అని. నన్ను ఎవురూ అంత మాట అనలేదు శెట్టెమ్మా. ఆ కార్డు ఊళ్ళో పదిమందికి చూపిస్తి. ఆమీద ఇటిక ఎట్లా పంపేది?"

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. ఆ పచ్చను నమ్మే కదా తాను వారంపాటు నిండు ముద్దలు తిని కళ్ళు పోగొట్టుకోబోయింది! నోటిదాకా వచ్చిన తిట్టు ఒకటి అక్కడే ఆగిపోయింది. నిండు ముద్దలు. తనకూ ఇటుకే వచ్చింది. అన్నం ముట్టకుండా, బెల్లం ముట్టకుండా, సంగటి ఒక్కటే తిన్న ఇద్దరికీ ఇటుకే వచ్చింది. నెలల తరబడి వెతుకుతున్నది ఇంతేనా? రాగుల్లో లేదు, నీళ్ళలో లేదు, ముద్దలోనే ఉంది. తొందరలో ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసింది. కాలు కుళ్ళుతున్న మనిషి ముందు తనకు సంతోషం కలిగిందని మరుక్షణం తెలిసి సిగ్గుపడింది.

"సంగటి ఎంత తింటావన్నా?"

ఓబుళప్పకు బదులు సిద్ధమ్మ రెండు చేతులూ కలిపి చూపించింది. ఆ చేతుల మధ్య చిన్న గుమ్మడికాయ పట్టేంత ఎడముంది. "పుండు మానల్ల గదమ్మా. బలం కావల్లని దసరా నుంచి ముద్ద ఇంగా పెద్దది చేస్తాండా" అంది.

ఈ మాటకు వెంకటసుబ్బమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కాంపౌండరు సూదితో ఒకవైపు లాగుతుంటే, ఈ ఇల్లాలు ప్రేమతో ముద్దపెట్టి ఇంకోవైపు లాగుతోంది. ఎట్లా చెప్పాలి? చెప్పక తప్పదు. "సంగటే అమ్మా. ఆ ఎర్రమన్ను సంగటిదే. వరన్నం చేసే పని సంగటీ చేస్తాంది. నేను తిని చూసినా" అని చేయి పట్టుకొని చెప్పింది.

సిద్ధమ్మ చేయి విడిపించుకుంది. "సంగటి తిని చచ్చినవాణ్ణి నేను యాడా చూడలా. మా తాతలనాటి నుంచీ అదే తింటాండాం" అని లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. కాసేపటికి తలుపు దగ్గరికి వచ్చి, ఏడుపు గొంతుతో, "అట్లయితే నేనింగ ఏం పెట్టల్ల?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే వెంకటసుబ్బమ్మ కూర్చుని ఉంది. చెనక్కాయలు ఉన్నాయి, కోళ్ళు ఉన్నాయి, చేలో గురుగాకు ఉంది, ఇంట్లో మజ్జిగ ఉంది. ముద్ద నిమ్మకాయంత. కోడిగుడ్డు తాను ముట్టదు గానీ డాక్టరు కాగితంలో ఉందని చదివి చెప్పింది. తరువాత సిద్ధమ్మనే దీపం ముందు కూర్చోబెట్టి, నీలం మందు పోయించి, ఎనిమిది చుక్కలు లెక్కపెట్టించింది. సిద్ధమ్మకు చదువు రాదు. కానీ రంగు చూడడానికి చదువెందుకు? గొట్టం అడుగున ఇటుక రంగు కళ్ళముందే పేరుకుంటుంటే ఆమె వంటింటి వైపు తిరిగి చూసింది.

సాయంత్రం బండికి బయలుదేరే ముందు వెంకటసుబ్బమ్మ తన అడ్రసు రాసిన కార్డులు కొన్ని సిద్ధమ్మ చేతికిచ్చింది. "ఇంగమీద పోగు ముడేసేది నువ్వే. ఏ రంగైనా సరే. ఇటిక వస్తే తిట్టను, పచ్చ వస్తే మెచ్చుకోను. ఏం తినిందీ మాత్రం అడుగుతా" అంది. ఇంటికి రాగానే భాస్కరయ్యకు కూడా అదే రాసింది. ఆయన, "రెండోమారు పచ్చ చుట్ట అడిగినప్పుడే నాకు తెలియవలసినది. రంగులవాణ్ణి అయి ఉండీ తెలిసికోలేకపోతిని" అని జవాబు రాశాడు.

మొదటి వారం ఇటుక. రెండో వారం ఇటుక. మూడో వారం కార్డు మూలన కనకాంబరం పోగు కనిపించింది. వెంకటసుబ్బమ్మ కలం తీసి "శభాష్" అనే మాటకు మొదటి అక్షరం రాసి, ఆగి, కొట్టేసింది. "నాది ఈ వారం పసుపు. అనపగింజల కూర, మజ్జిగ" అని మాత్రం రాసింది. ఆమె జన్మలో అంత కష్టపడి రాసిన కార్డు ఇంకొకటి లేదు. అయిదో వారం పసుపు వచ్చింది. ఏడో వారం చిలకపచ్చ వచ్చింది. ఆ పచ్చను ఆమె వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. ఎప్పటివలె పొంగిపోవడం చేతకాలేదు. సిద్ధమ్మ ముడి వేసిందని గుర్తు చేసుకొని నమ్మింది.

ఉగాదికి ముందటి ఆదివారం నలుగురూ అనంతపురం వెళ్ళారు. వెంకటసుబ్బమ్మ హిందూపురంలో ఎక్కింది, ఓబుళప్పను భుజం పట్టుకొని సిద్ధమ్మ పెనుకొండలో ఎక్కించింది, భాస్కరయ్య ధర్మవరంలో కలిశాడు. డాక్టరు కట్టు విప్పి, పాదం అటూ ఇటూ నొక్కి చూశాడు. వాపు దిగింది. పుండు అంచులు కూడుకుంటున్నాయి. వేలు మాత్రం నల్లగా బిగుసుకుపోయింది.

"కాలు తీయక్కరలేదు. వేలు తీసేస్తే చాలు" అన్నాడు డాక్టరు. సిద్ధమ్మ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుండిపోయింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "ఈ పథ్యం నాలుగు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే వేలు కూడా దక్కేదయ్యా" అన్నాడు.

వెంకటసుబ్బమ్మ అచ్చు కాగితం బల్ల మీద పెట్టింది. "ఇందులో సంగటి యాడా లేదు సార్" అంది. డాక్టరు కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. "సంగటి ఎంత తినేవాడు?" అని అడిగాడు. సిద్ధమ్మ కూర్చున్న చోటునుంచే రెండు చేతులూ కలిపి చూపింది. ఆయన కళ్ళజోడు తీసి, కలం అందుకొని, అన్నం పక్కనే సంగటి అని రాశాడు. "ఏం తింటారని నేనెప్పుడూ అడగలేదమ్మా" అన్నాడు మెల్లగా. మంచివాడే. కాగితంలో సంగటి చేరింది.

వేలు తీసే గది బయట బల్ల మీద ఓబుళప్ప, వెంకటసుబ్బమ్మ కూర్చున్నారు. భాస్కరయ్య మందులకోసం వెళ్ళాడు. సిద్ధమ్మ లోపల ఆసుపత్రి కాంపౌండరుతో ఏదో మాట్లాడుతోంది. ఓబుళప్ప చాలాసేపు పాదం వైపు చూశాడు.

"ఆ నాలుగు నెలలూ నేను పచ్చలు పంపిన నెలలే శెట్టెమ్మా. ఈ వేలు నా అబద్ధానికే పోతాంది" అన్నాడు.

ఆమె ఓదార్చవచ్చు. సంగటి సంగతి ఎవరికి తెలుసన్నా, డాక్టరుకే తెలియలేదు కదా అనవచ్చు. అది నిజం కూడాను. కానీ మొదటి వారమే ఇటుక పోగు వచ్చి ఉంటే తాను ఊరుకునేదా? ఆ వారమే రైలెక్కి ఉండేది. ఆయన ఇటుక ముడి వేశాడు, విప్పేశాడు. తరువాత తన కార్డు వెళ్ళింది, ఆపైన ఒక్కో వారమూ ఒక్కో కార్డు. బెల్లంలో ఒక పొంగు ఎక్కువైతే కనిపెట్టే తాను, వరసగా వచ్చిన పద్నాలుగు పచ్చల్లో తేడా కనిపెట్టలేదు. కనిపెట్టాలని తనకు లేదు.

"నువ్వొక్కడివే ఆడలేదన్నా అబద్ధం" అంది వెంకటసుబ్బమ్మ. "నాకు పచ్చ కావల్లని ఉండె. పచ్చ అంటే పొంగిపోయి రాస్తి. నేను అడిగింది నువ్వు పంపిస్తివి."

ఓబుళప్ప కాదనలేదు.